ముందు కొట్టేయండి, తర్వాత గుణించండి

(జాతీయ గణిత దినోత్సవం నాడు హైస్కూలు లెక్కల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినపడుతోందాండీ? సరే.

ఇవాళ డిసెంబరు 22 కాబట్టి రామానుజన్ గురించి మాట్లాడతారని కొందరు అనుకుని ఉంటారు. ఆయన గురించి పొద్దున్నుంచీ చెబుతూనే ఉన్నారు. నేను ఆరో తరగతికి దిగుతాను. భిన్నాల గుణకారం, భిన్నాల సూక్ష్మీకరణ. ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద సభా అని మీరు నవ్వుకోవచ్చు. కానీ పదో తరగతిలో బీజగణితం దగ్గర బోర్లాపడే పిల్లల్ని పట్టుకుని అడగండి, వాళ్లు పడింది అక్కడ కాదు. ఇక్కడే ఎప్పుడో పడ్డారు, మనం చూసుకోలేదు.

బోర్డు మీద లెక్క రాస్తున్నాను. 24/35 × 49/36 × 15/28. చెయ్యండి. ఫోన్లు తియ్యకూడదు.

(కొద్దిసేపు నిశ్శబ్దం.)

అప్పుడే అయిపోయిందా అమ్మా? ఎంత? సగం. చూశారా, ఆవిడ పెన్ను కూడా ముట్టుకోలేదు. మాస్టారు ఇంకా గుణిస్తూనే ఉన్నారు. (నవ్వులు.) మాస్టారూ, మీకు పైన ఎంత వచ్చింది? 17640. కింద 35280 రావాలి. వచ్చిందా? ఇద్దరి జవాబూ ఒకటే. 17640/35280 తప్పేం కాదు, అది కూడా సగమే. కాకపోతే మాస్టారు నాలుగు పెద్ద గుణకారాలకు తయారై, ఆపైన ఐదంకెల సంఖ్యల మధ్య సామాన్య కారణాంకం వెతుక్కోవాలి. ఆవిడేమో 24నీ 36నీ పన్నెండుతో కొట్టేసి 2, 3 చేశారు. 49నీ 35నీ ఏడుతో కొట్టేసి 7, 5 చేశారు. పైనున్న 15లో ఈ ఐదూ పోయింది, మిగిలిన మూడుకి ఆ మూడూ పోయింది. ఏడు వెళ్లి 28ని నాలుగు చేసింది. రెండు వెళ్లి ఆ నాలుగుని రెండు చేసింది. పైన ఒకటి, కింద రెండు. ఊరికి బయల్దేరేముందు సామాను తగ్గించుకుంటాం గానీ, మోసుకుంటూ ఊరు చేరాక తగ్గించుకోం కదా.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ముందు కొట్టేయండి, తర్వాత గుణించండి. దీని గురించి గంట మాట్లాడవచ్చా అంటే, మాట్లాడవచ్చు. ఎందుకంటే ‘కొట్టేయడం’ అని మనం చెప్పేదాన్ని పిల్లలు నిజంగానే గీత గీసి కొట్టేయడం అనుకుంటున్నారు. అంకె మీద గీత పడితే అంకె మాయమైపోయిందని అనుకుంటున్నారు.

ఒక మాట ముందే చెబుతాను. ఈ పద్ధతి ఏదో పోటీ పరీక్షల కోచింగులో కనిపెట్టిన కిటుకు కాదు. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, కన్నడ దేశంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు గణితసారసంగ్రహం అని సంస్కృతంలో పుస్తకం రాశాడు. సుమారు క్రీ.శ. 850. అందులో భిన్నాలకి ఒక పెద్ద ప్రకరణం కేటాయించాడు. భిన్నాల గుణకారానికి ఆయన ఇచ్చిన సూత్రం ఏమిటంటే: లవాలను లవాలతో, హారాలను హారాలతో గుణించు, అయితే వీలున్నచోట ముందు వజ్రాపవర్తనం చెయ్యి. అపవర్తనం అంటే ఒకే సంఖ్యతో భాగించి తగ్గించడం. వజ్రం అన్నది అడ్డంగా, ఏటవాలుగా తగ్గించడాన్ని చెబుతుంది. ఈ భిన్నం పైనున్నదాన్ని ఆ భిన్నం కిందున్నదానితో. అంటే ఇందాక ఆవిడ చేసిన పనే. పదకొండు వందల డెబ్భై ఏళ్ల కిందటే సూత్రంలోనే పెట్టేశాడు మహానుభావుడు. మన పాఠాల్లో చాలాసార్లు గుణకారం ఒక రోజు, సూక్ష్మీకరణ ఇంకో రోజు చెబుతాం. రెండింటినీ విడదీసింది మనమే.

ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ కాలానికి కాస్త అటూ ఇటూగా. అంటే తెలుగులో కావ్యం పుడుతున్న రోజుల్లోనే తెలుగులో లెక్కల పుస్తకం కూడా పుట్టింది. మనం కావ్యాన్ని పట్టుకు ఊరేగాం, లెక్కల్ని వదిలేశాం. సరే, ఆ బాధ ఇంకోసారి చెప్పుకుందాం. మహావీరుడి సంస్కృత మూలం 1912లో మద్రాసులో రంగాచార్యగారి ఇంగ్లీషు అనువాదంతో అచ్చయింది. ఇవాళ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఒక్క భిన్నాల ప్రకరణం చాలు, మీ పిల్లలకి ఏడాదంతా సరిపడా లెక్కలున్నాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. లవాన్ని లవంతో, హారాన్ని హారంతో ఎందుకు గుణించాలి? కూడికలో అలా చెయ్యనివ్వం కదా. 1/2 + 1/3కి 2/5 అని రాస్తే తప్పు కొడతాం. గుణకారంలో మాత్రం పైవి పైవాటితో, కిందవి కిందవాటితో అంటాం. పిల్లాడికి ఇదేం న్యాయం అనిపించదూ?

ఒక తెల్లకాగితం తీసుకోండి. నిలువుగా నాలుగు సమాన భాగాలుగా మడిచి, మూడు భాగాలకి పెన్సిలుతో గీతలు గియ్యండి. అది ముప్పావు. ఇప్పుడు అదే కాగితాన్ని అడ్డంగా మూడు భాగాలుగా మడవండి. అందులో రెండు భాగాలకి ఇటువైపు గీతలు గియ్యండి. కాగితం విప్పితే ఎన్ని గళ్లున్నాయి? పన్నెండు. నాలుగు మూళ్లు పన్నెండు. హారాలు గుణించడమంటే అదే, మొత్తం గళ్లు లెక్కపెట్టడం. రెండు రకాల గీతలూ పడ్డ గళ్లు ఎన్ని? మూడు రెళ్లు ఆరు. లవాలు గుణించడమంటే అదే. ముప్పావులో మూడింట రెండొంతులు అంటే పన్నెండులో ఆరు. సగం. కాగితం మీద కనిపిస్తోంది, ఇంకెవడూ సూత్రం బట్టీ పట్టక్కర్లేదు.

ఇక్కడే ఇంకోటి కూడా చూపించండి. సగం అనేది ముప్పావు కన్నా తక్కువ, మూడింట రెండొంతుల కన్నా కూడా తక్కువ. గుణించాం, కానీ పెరగలేదు. రెండు మూళ్లు ఆరు, మూడు నాలుగులు పన్నెండు అంటూ ఐదేళ్లపాటు గుణిస్తే పెరుగుతుందని మనమే నేర్పాం. ఆరో తరగతిలో హఠాత్తుగా తగ్గింది. పిల్లాడికి జవాబు మీద అనుమానం వస్తుంది, లెక్క తిప్పి భాగహారం చేసేస్తాడు. వాడి తప్పు కాదు. ఒకటి కన్నా తక్కువ సార్లు తీసుకుంటే తగ్గకేం చేస్తుంది అని ఒక్కసారి నోటితో చెప్పించండి. అర్ధసారి తీసుకుంటే సగమే వస్తుంది మరి.

మిశ్రమ భిన్నాల దగ్గర పెద్దవాళ్లు కూడా జారతారు. రెండున్నరని రెండున్నరతో గుణిస్తే ఎంత? రెండు రెళ్లు నాలుగు, అరలో అర పావు, నాలుగుంపావు అంటారు. కాదు. ఆరుంపావు. రెండున్నర గజాల పొడవు, రెండున్నర గజాల వెడల్పున్న చోటు గీయండి. రెండు రెళ్లు నాలుగు చదరపు గజాల ముక్క ఉంది, నిజమే. మూలనున్న పావు ముక్కా ఉంది. మరి పక్కన రెండు గజాల పొడవు, అరగజం వెడల్పున్న పట్టీలు రెండున్నాయి. ఒక్కోటి ఒక చదరపు గజం. అవి ఎవరు తీసుకెళ్లారు? (నవ్వులు.) అందుకే 5/2 × 5/2 చేసి, 25/4, అంటే ఆరుంపావు అనమంటాం. ఒక సరదా: ఏ సంఖ్యన్నరనైనా దానితోనే గుణించాలంటే, ఆ సంఖ్యని దాని తర్వాతి సంఖ్యతో గుణించి పావు కలపండి. ఏడున్నర ఏడున్నరలు? ఏడు ఎనిమిదులు యాభై ఆరు, యాభై ఆరుంపావు. ఎందుకో మీ పిల్లల్ని కనిపెట్టమనండి, పైన చెప్పిన బొమ్మలోనే ఉంది సమాధానం. ఆ రెండు పట్టీల్ని ఒకదానికొకటి అతికించి పక్కన పెట్టి చూడాలి.

సరే, కొట్టివేత దగ్గరికి వద్దాం. మనం ఆగాల్సింది ఇక్కడ.

3/4 × 2/3లో పైనున్న మూడుకీ కిందున్న మూడుకీ గీత కొట్టేస్తాం. అవి వేర్వేరు భిన్నాల్లో ఉన్నాయి కదా, ఎలా కొట్టేస్తాం? ఎందుకంటే గుణించాక పైన 3 × 2, కింద 4 × 3. గుణకారంలో వరుస మార్చుకోవచ్చు. కింద 3 × 4 అని రాసుకుంటే అది 3/3 × 2/4. ఈ 3/3 అనేది ఒకటి. ఒకటితో గుణిస్తే ఏమీ మారదు కాబట్టి దాన్ని రాయడం మానేశాం. కొట్టేయడం అంటే ఇంతే. ఏదీ మాయం కాలేదు, ఏదీ సున్నా కాలేదు. ఒకటి అయింది.

ఈ ముక్క చెప్పకపోతే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు. 4/12 ఇస్తాం. పైన నాలుగు కొట్టేస్తాడు. కింద పన్నెండు కొట్టేసి మూడు రాస్తాడు. జవాబు మూడు అంటాడు. పైన గీత తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి వాడి కంటికి కనపడింది మూడే. మూడింట ఒక వంతు కాస్తా మూడైపోయింది, తొమ్మిది రెట్లు పెరిగింది. నేనైతే కనీసం ఒక నెలపాటు గీత పక్కన చిన్న ఒకటి రాయించనిదే ఊరుకోవద్దంటాను. చేతికి అలవాటయ్యాక రాయకపోయినా మనసులో ఉంటుంది. టైం వేస్టు అని కొందరంటారు. పదో తరగతిలో మళ్లీ మొదట్నించి చెప్పే టైం కన్నా ఇది తక్కువే.

రెండో గొయ్యి ఇంకా లోతుగా ఉంటుంది. కూడిక గుర్తు. (3 + 5)/(3 + 7) ఇచ్చి చూడండి. మూడూ మూడూ కొట్టేసి 5/7 అనేవాళ్లు సగం మంది తేలతారు. నిజానికి అది 8/10, అంటే 4/5. మూడు ఇక్కడ కారణాంకం కాదు, కూడికలో ఒక ముక్క మాత్రమే. మొత్తం పైభాగాన్ని మూడుతో భాగించలేదు, మొత్తం కిందిభాగాన్నీ భాగించలేదు. మరి ఎలా పోతుంది? ఆరో తరగతిలో అంకెలతో దీన్ని పట్టుకోకపోతే, తొమ్మిదో తరగతిలో అక్షరాలతో వస్తుంది. అప్పుడు లెక్క చేసి సరిచూసుకునే వీలుండదు కాబట్టి అసలు దొరకదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 16/64 తీసుకోండి. పైనా కిందా ఆరుకి గీత కొట్టండి. 1/4. కరెక్టేగా? నిజంగానే కరెక్టు, పదహారు నాలుగులు అరవై నాలుగు. (నవ్వులు.) 19/95లో తొమ్మిదులు కొట్టండి, 1/5. ఇదీ కరెక్టే. 26/65లో ఆరులు కొట్టండి, 2/5. 49/98లో తొమ్మిదులు కొట్టండి, 4/8, అంటే సగం. ఇదీ కరెక్టే. అయితే పద్ధతి కరెక్టా? 13/39లో మూడులు కొట్టి చూడండి. 1/9 వస్తుంది. అసలు జవాబు 1/3. రెండంకెల క్రమ భిన్నాల్లో, 22/55 లాంటివీ సున్నాలతో ముగిసేవీ పక్కనపెడితే, పైభాగంలో ఒకట్ల అంకెనీ కిందిభాగంలో పదుల అంకెనీ ఇలా కొట్టేసి జవాబు సరిగ్గా వచ్చేవి ఈ నాలుగే. తప్పు ఎక్కడుందంటే, 16 అంటే ఒకటి పక్కన ఆరు కాదు, పది ప్లస్ ఆరు. 64 అంటే అరవై ప్లస్ నాలుగు. ఆ ప్లస్ గుర్తు కనపడకుండా దాక్కుని ఉంది. కూడిక దాక్కున్నా కూడికే, దాని మీదుగా కొట్టేయకూడదు.

ఈ నాలుగు భిన్నాల్నీ తరగతిలో ఇవ్వండి. ఒక పిల్లాడు తప్పు దారిలో వెళ్లి సరైన జవాబు తెస్తాడు. వాడికి మార్కులు వెయ్యాలా వద్దా అని పిల్లల్నే వాదించుకోమనండి. ఆ పూట పాఠం మీరు చెప్పక్కర్లేదు.

సూక్ష్మీకరణలో ఇంకో ఇబ్బంది ఉంది. రెండు, మూడు, ఐదు ఎక్కాల్లో పోయేవి ఎవరైనా చేస్తారు. 391/544 ఇవ్వండి. మూడుతో పోదు, మూడు తొమ్మిది ఒకటి కలిపితే పదమూడు. ఐదుతో పోదు, ఏడుతో పోదు, పదకొండుతో పోదు, పదమూడుతో పోదు. ఇక ఇదే సూక్ష్మరూపం అని వదిలేస్తారు. ఇలా వెతుక్కోవడం మానేయమనండి. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి శేషం చూడమనండి. 544లో 391 పోతే 153. 391లో 153 రెండుసార్లు పోతే 85. 153లో 85 పోతే 68. 85లో 68 పోతే 17. 68లో 17 సరిగ్గా నాలుగుసార్లు. ఆగిపోయింది. గరిష్ఠ సామాన్య కారణాంకం, అదే గ.సా.కా., పదిహేడు. 391 అంటే 17 ఇరవై మూళ్లు, 544 అంటే 17 ముప్పై రెళ్లు. జవాబు 23/32. ఐదు మెట్లలో అయిపోయింది, ఒక్క కారణాంకం కూడా ఊహించలేదు. యూక్లిడ్ క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో చెప్పిన పద్ధతి ఇది. ఆర్యభటుడు 499లో చెప్పిన కుట్టకంలో కూడా ఒకదాన్నొకటి భాగించుకుంటూ పోయే ఈ పనే ఉంటుంది. మనం గ.సా.కా. ఒక అధ్యాయం, భిన్నాలు ఇంకో అధ్యాయం అంటాం. రెండో అధ్యాయానికి వచ్చేసరికి మొదటిది పరీక్ష అయిపోయింది కాబట్టి మర్చిపోతారు.

ఇప్పుడు భిన్నంలో భిన్నం. మనవాళ్లకిది కొత్త కాదు. పావు, అర, ముప్పావు తర్వాత పావులో పావుని వీసం అన్నారు, అంటే పదహారో వంతు. వీసాలు రెండైతే పరక. వీసంలో పావు కాని, అంటే అరవై నాలుగో వంతు. నాలుగు, మళ్లీ నాలుగు, మళ్లీ నాలుగు. కొలతలు కూడా చూడండి: కుంచానికి నాలుగు మానికలు, మానికకి రెండు తవ్వలు, తవ్వకి రెండు సోలలు, సోలకి నాలుగు గిద్దలు. గిద్ద అంటే కుంచంలో ఎన్నో వంతు? 1/4 × 1/2 × 1/2 × 1/4. అదీ అరవై నాలుగో వంతే. ఈ నాలుగుల లెక్కకి తెలుగులో విడిగా అంకెలే ఉండేవి. 2008లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కాయి, మీ కంప్యూటర్లో ఎక్కడో నిద్రపోతున్నాయి. రూపాయికి పదహారణాలున్నన్నాళ్లూ ఈ పదహార్లు జనం నోట ఆడాయి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాక వందల లెక్కలోకి వెళ్లిపోయాం. మంచిదే, లెక్క తేలికైంది. నేనేం పాత రోజులు తిరిగి రావాలనడం లేదు. కాకపోతే పావులో పావు ఎంతంటే పచారీ కొట్టు ముందు నిలబడ్డ పిల్లాడికి కూడా నోటికి వచ్చేది, ఇవాళ కాగితం కావాలి.

భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలో దీని మీద ఒక ఎత్తిపొడుపు లెక్క ఉంది. ఒక లోభి దగ్గరికి యాచకుడు వచ్చాడు. ఆ మహానుభావుడు ఎంతిచ్చాడంటే, ఒక ద్రమ్మంలో సగం, అందులో మూడింట రెండొంతులు, అందులో ముప్పావు, అందులో ఐదో వంతు, అందులో పదహారో వంతు, అందులో పావు. మొత్తం ఎన్ని గవ్వలిచ్చాడు? పిల్లలు అన్నీ పైవి గుణిస్తారు, ఆరు. అన్నీ కిందవి గుణిస్తారు, 7680. భయపడిపోతారు. కానీ ఒక్కసారి వరుసగా రాయండి: 1/2 × 2/3 × 3/4 × 1/5 × 1/16 × 1/4. మొదటి హారం రెండు, తర్వాతి లవం రెండు, పోయాయి. మూడూ మూడూ పోయాయి. మొదటి మూడు భిన్నాలూ కలిసి పావు అయ్యాయి. పావులో ఐదో వంతు 1/20, అందులో పదహారో వంతు 1/320, అందులో పావు 1/1280. ద్రమ్మానికి పదహారు పణాలు, పణానికి నాలుగు కాకిణులు, కాకిణికి ఇరవై గవ్వలు. పదహారు నాలుగులు అరవై నాలుగు, అరవై నాలుగు ఇరవైలు 1280. అంటే ఒకే ఒక్క గవ్వ. (నవ్వులు.) అన్ని వంతులు చెప్పించి చివరికి ఒక గవ్వ చేతిలో పెట్టాడు. లెక్కలో హాస్యం ఉండకూడదని ఎవరన్నారు?

గమనించారా, పైన 1/2, 2/3, 3/4 అని ఊరికే పెట్టలేదు. ఒకదాని హారం తర్వాతిదానికి లవం అయ్యేలా పేర్చాడు. అలాగే పోనిస్తూ 99/100 దాకా గుణిస్తే ఎంత? చెప్పండి. నూరో వంతు. అవును. మధ్యలో తొంభై ఎనిమిది జతలు తమంతట తామే పోతాయి. ముందు గుణించి తర్వాత తగ్గిద్దామనుకున్నవాడికి రాత్రయిపోతుంది.

చివరిగా, ఈ భిన్నంలో భిన్నం నిజంగా డబ్బై, పొలమై చేతిలోకి వచ్చే చోటు ఒకటుంది. ఆస్తి పంపకం. నేను లాయర్ని కాను, చట్టంలో లెక్క వరకే చెబుతాను. పంచుకోని ఉమ్మడి పిత్రార్జితం పన్నెండు ఎకరాలుందనుకోండి. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం మొదట్లో ఉన్న రూపంలో చూస్తే, ఆయన పోయే ముందు క్షణంలో పంపకం జరిగినట్టు ఊహించుకోవాలి. మన దక్షిణాది ఆచారంలో ఆ ఊహా పంపకంలో భార్యకి వాటా లేదు, కూతురికీ లేదు. తండ్రి, ఇద్దరు కొడుకులు, తలా 1/3. తర్వాత తండ్రి వాటాని నలుగురూ పంచుకుంటారు. 1/3 × 1/4, పన్నెండో వంతు. కూతురికి 1/12, తల్లికి 1/12. కొడుకులకి ఒక్కొక్కరికి 1/3 + 1/12, అంటే 5/12. ఎకరాల్లో చెబితే కొడుకులకి ఐదైదు, ఆడవాళ్లకి ఒక్కొక్కటి.

ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో, 1986లో, ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి కూతుర్ని కూడా కొడుకుతో సమానంగా ఉమ్మడిలో వాటాదారుని చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకి. 2005లో పార్లమెంటు దేశమంతటికీ చేసింది. ఇప్పుడు లెక్క మారింది. తండ్రి, ముగ్గురు పిల్లలు, తలా పావు. తండ్రి పావుని మళ్లీ నలుగురికి, పావులో పావు. వీసం. పిల్లలకి తలా 1/4 + 1/16, అంటే 5/16. పన్నెండు ఎకరాల్లో 12 × 5/16, నాలుగుతో కొట్టేస్తే 15/4, మూడు ముప్పావు ఎకరాలు. కూతురికి ఎకరం నుంచి మూడు ముప్పావుకి వచ్చింది. మరి తల్లికి? 12 × 1/16, ముప్పావు ఎకరం. మన లెక్కలో 75 సెంట్లు, తెలంగాణలో 30 గుంటలు. ఎకరం ఉండాల్సింది ముప్పావు అయింది. తండ్రి వాటా మూడో వంతు నుంచి నాలుగో వంతుకి తగ్గింది, అందులోంచి వచ్చేదే తల్లికి, కాబట్టి ఆవిడదీ తగ్గింది. కూతురికి న్యాయం చేసిన సవరణే తల్లి దగ్గర పాతిక సెంట్లు తీసుకుంది. చట్టసభలో ఈ గుణకారం ఎంతమంది చేశారో గానీ, మీ ఎనిమిదో తరగతి పిల్లలు చెయ్యగలరు. చేయించండి.

(సభలోంచి ఒక ఉపాధ్యాయిని: పిల్లలు నలుగురైతే?)

మంచి ప్రశ్న అమ్మా. తండ్రితో కలిపి ఐదుగురు, తలా 1/5. తండ్రి వాటా తల్లితో కలిపి ఐదుగురికి. తల్లికి 1/5 × 1/5, 1/25. పిల్లలకి 1/5 + 1/25, 6/25. నాలుగు ఆర్లు ఇరవై నాలుగు, తల్లి ఒకటి, ఇరవై ఐదు. సరిపోయింది.

అసలు అంకె లేకుండానే చేద్దాం. పిల్లలు ‘న’ మంది అనుకోండి. తల్లికి 1/(న + 1)². ఒక్కో పిల్లకి 1/(న + 1) + 1/(న + 1)². కింద ఒకటి చేస్తే (న + 2)/(న + 1)². ఇప్పుడు మీ క్లాసులో చెయ్యి ఎత్తేవాడు ఉంటాడు, పైనా ‘న’ కిందా ‘న’ ఉంది కదా సార్, కొట్టేద్దామా అని. కూడిక మీదుగా కొట్టేయకూడదని ఇందాకే అనుకున్నాం. సరే, ‘న’ పోదు. మరింకేదైనా పోతుందా? ఏ అంకె పెట్టినా ఈ భిన్నం ఇంకా తగ్గే అవకాశం ఉందా? న + 1, న + 2 పక్కపక్క సంఖ్యలు. ఒక సంఖ్య రెండింటినీ నిశ్శేషంగా భాగిస్తే, వాటి తేడాని కూడా భాగించాలి. తేడా ఒకటి. ఒకటిని భాగించేది ఒకటే. న + 1కీ న + 2కీ ఉమ్మడి కారణాంకం లేనప్పుడు, న + 1 వర్గానికీ ఉండదు. ఐదుగురు పిల్లలున్నా, పదిమంది ఉన్నా, కొట్టేయడానికి అక్కడేమీ లేదు.